పాత స్పోర్ట్స్ కారు మెగ్నీషియం వీల్స్: బాగు చేయించాలా, మార్చేయాలా?

ప్రశ్న: "చిత్తూరులో మా మేనమామకు 1971 మోడల్ పోర్షా 911టీ ఉంది. వీల్స్ మాహ్లే కంపెనీ మెగ్నీషియంవి. పెయింటు కింద తెల్లగా పొంగి రాలుతోంది. తిరుపతిలో ఒక అల్లాయ్ వీల్ షాపులో శాండ్‌బ్లాస్టింగ్, పౌడర్ కోటింగ్ చేసి రెండు రోజుల్లో ఇస్తామంటున్నారు. చేయించవచ్చా, లేక వేరేవి కొనాలా?"

చేయించొద్దు సామీ. షాపువాళ్లకు పని రాదని కాదు. వాళ్లు పొద్దున లేస్తే చేసేది అల్యూమినియం. క్రెటాకో స్విఫ్ట్‌కో వచ్చే వీలుకు ఏది మంచిదో, మీ మామగారి వీలుకు దాదాపు అదంతా చెరుపే. రెండు రోజుల్లో ఇస్తామన్నారంటేనే తెలుస్తోంది, వాళ్లు ఆ లోహాన్ని ఇంతకుముందు ముట్టుకోలేదని.

ముందు అది నిజంగా మెగ్నీషియమేనా తేల్చుకోండి. 'గ్యాస్ బర్నర్' అని పేరుపడ్డ ఆ 15 అంగుళాల మాహ్లే వీలు 1970ల మొదట్లో పోర్షావాళ్లదే 914/6 కారు మీదా, కొన్ని 911ల మీదా వచ్చింది. అది మెగ్నీషియమే. కానీ యాభై ఏళ్లు చేతులు మారిన కారు మీద ఏ వీలు ఎక్కడ ఎక్కిందో ఎవరు చూశారు? 911 మీద ఎక్కువగా కనిపించే ఫుక్స్ వీలు అల్యూమినియం ఫోర్జింగు, అంటే పోత కాదు, ఒత్తిడితో మలిచినది. దాన్ని కూడా మెగ్నీషియం అని చెప్పి అమ్మే మహానుభావులున్నారు. టైరు విప్పేసి, వీలును తాడుతో డిజిటల్ కాటాకు వేలాడదీసి తూచండి. అలాగే నీళ్ల డ్రమ్ములో పూర్తిగా మునిగేలా దించి మళ్లీ తూచండి. బరువు సగానికి మించి తగ్గితే మెగ్నీషియం. మూడో వంతు కంటే కాస్త ఎక్కువ తగ్గి ఆగిపోతే అల్యూమినియం. మెగ్నీషియం మిశ్రమం నీటికన్నా 1.8 రెట్లు బరువు, అల్యూమినియం 2.7 రెట్లు, అందుకే ఈ లెక్క తప్పదు. డ్రమ్ము దొరక్కపోతే వెనకవైపు గోరంత మేర పెయింటు గీకి ఒక చుక్క వెనిగర్ వేయండి. బుసబుసమని నురగ లేచిందంటే మెగ్నీషియం. చూసిన వెంటనే నీళ్లతో కడిగి తుడిచి ఆరబెట్టండి, లేకపోతే మీ పరీక్షే తుప్పుకు మొదలవుతుంది.

ఆ తెల్ల పొడి సంగతి. తడి తగిలి హైడ్రాక్సైడ్ అవుతుంది, ఆపైన గాలి తగిలి కార్బొనేట్ అవుతుంది. కార్లలో వాడే లోహాల్లో ఇనుము, ఇత్తడి, రాగి ఏది పక్కన చేరినా, మధ్యలో కాస్త తడి ఉంటే చాలు, తినబడేది ప్రతిసారీ మెగ్నీషియమే. అందుకే పొంగు ఎప్పుడూ వాల్వు చుట్టూ, బ్యాలెన్సింగ్ తూకాల క్లిప్పుల కింద, నట్టు కూర్చునే గుంటల దగ్గర, హబ్బుకు (వీలు బిగించే ఇరుసు చివరకు) ఆనుకునే ముఖం మీద మొదలవుతుంది. నడిమధ్యలో పెయింటు బాగుంది కదా అని సంబరపడకండి.

గాజులమండ్యం వైపు ఒక షెడ్డులో విప్పిన వీలు గురించి చెప్తాను, ఎందుకంటే మీకు అమ్మజూపే 'రీస్టోర్ చేసిన సెట్లు' ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి. బయట నుంచి కొని తెచ్చిన నాలుగింటిలో అది ఒకటి. పైకి వెండిరంగు మెరుపు, ఎక్కడా వంక పెట్టలేం. పెయింట్ రిమూవర్ పూసి పావుగంట వదిలేసరికి రిమ్ము లోపలి అంచు దగ్గర బొటనవేలంత మేర బాడీ పుట్టీ మెత్తబడి లేచింది. చెక్కతో గీకితే దాని కింద చిన్న ఇనుప స్క్రూ తల. అంచుకు పడిన రంధ్రాన్ని ఎవరో స్క్రూతో బిగించి, పుట్టీ పెట్టి, పెయింటు కొట్టేశారు. స్క్రూ మాత్రం కొత్తగా మెరుస్తోంది. దాని చుట్టూ లోహం లేదు, బూడిదరంగు పొడి ఉంది, వేలితో నొక్కితే లోపలికి దిగిపోతోంది. అంతా శుభ్రం చేశాక ఎర్ర పెనెట్రెంట్ (పగుళ్లలోకి దిగే రంగు ద్రవం) పూసి, ఇరవై నిమిషాలు ఆగి, గుడ్డతో తుడిచి, ఆ రంగును పైకి లాగి చూపే తెల్ల డెవలపర్ కొట్టారు. ఒకటి రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత నట్టు గుంట అంచున ఒక గులాబీ చుక్క తేలింది. చూస్తుండగానే అది వెంట్రుక మందాన గీతగా సాగి స్పోకు మొదలు దాకా పోయింది. స్క్రూ ఉన్న చోటుకూ దీనికీ సంబంధమే లేదు. పొడి పట్టింది ఒక చోట, పగిలింది ఇంకో చోట. పెయింటు పూర్తిగా తీయకుండా వీలు మంచిదని చెప్పేవాడి మాట నమ్మొద్దు అనేది ఇందుకే.

ఇప్పుడు మీ షాపు చేయబోయే పని చూద్దాం. పెయింటు తీయడానికి యాసిడ్ తొట్టిలో ముంచుతారు. యాసిడ్ మెగ్నీషియాన్ని కొరుక్కు తింటుంది. విచిత్రం ఏమిటంటే, అల్యూమినియాన్ని నాశనం చేసే కాస్టిక్ సోడా మెగ్నీషియాన్ని ఏమీ చేయదు. కాబట్టి వేడి కాస్టిక్ ద్రావణంతో పెయింటు తీయొచ్చు, మామూలు పెయింట్ రిమూవర్ అయినా సరే. తర్వాత బ్లాస్టింగ్. పొద్దున ఇనుప గేట్లు, ట్రాక్టర్ ట్రైలర్లు కొట్టిన ఇసుకనే మధ్యాహ్నం మీ వీలుకు కొడతారు. అందులోని ఇనుప రవ్వ ఒక్కొక్కటీ మెగ్నీషియంలో గుచ్చుకుని, ఒక్కొక్కటీ ఒక తుప్పు గుంట అవుతుంది. కొట్టాలంటే ప్లాస్టిక్ రేణువులు లేదా కొత్త గాజు పూసలు, అదీ ఇనుము ఎరగని క్యాబినెట్‌లో.

గ్రైండర్ గురించి గట్టిగా చెప్పాలి. మెగ్నీషియం దిమ్మ అంత తేలిగ్గా అంటుకోదు, కానీ సన్నని పొడి, లేత్ తురుము ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటాయి. ఇనుము గ్రైండ్ చేసిన చోటే దీన్నీ గ్రైండ్ చేస్తే నిప్పురవ్వలకు కొదవ ఉండదు. అంటుకుంటే నీళ్లు పోయకూడదు, హైడ్రోజన్ పుట్టి మంట ఎగుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ పనికిరాదు, అందులో కూడా అది మండుతుంది. లోహాల మంటలకు వాడే క్లాస్ డి ఎక్స్‌టింగ్విషర్, లేదా ఎండబెట్టిన ఇసుక. స్వర్ణముఖిలోంచి తెచ్చిన తడి ఇసుక కాదు, పొడి ఇసుక. 1955లో లే మాన్స్ రేసు ప్రమాదంలో మండిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ కారు బాడీ మెగ్నీషియం మిశ్రమమే. దాని మీద నీళ్లు కొట్టి మంటను ఇంకా పెంచారు. మన షెడ్లలో మూలనున్న ఎర్ర సిలిండర్ మీద గడువు తేదీ ఎప్పటిదో కూడా ఎవరూ చూడరు, అది వేరే బాధ.

ఇక పౌడర్ కోటింగ్, అంటే రంగుపొడి చల్లి కాల్చే ఓవెన్. 180 నుంచి 200 డిగ్రీలు. పాత పోత వీల్స్‌లో సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోని గాలి, తేమ ఆ వేడికి బయటికి తన్ని కోటింగ్‌లో సూదిమొన బెజ్జాలు చేస్తాయి, ఆ బెజ్జం గుండానే తడి దిగుతుంది. పైగా హీట్ ట్రీట్ చేసిన (వేడితో గట్టిపరచిన) పోత అయితే ఆ వేడికి దాని బలం కూడా కొంత దిగుతుంది. విదేశాల్లో కొందరు వేస్తారు, కాదనను. నేనైతే వేయమని చెప్పను.

సరైన వరుస ఇదీ. పెయింటు తీశాక పొడి పట్టిన చోట్లను క్రోమిక్ యాసిడ్ ద్రావణంలో, లీటరుకు 180 గ్రాముల లెక్కన వేడిగా, కొన్ని నిమిషాలు ఉంచి శుభ్రం చేస్తారు. ఇది తుప్పును తీస్తుంది, లోహాన్ని ముట్టదు. యాసిడ్లన్నీ చెరుపు అన్నాను కదా, దీనికి అదే మినహాయింపు. కానీ ఇది క్యాన్సర్ తెచ్చే రసాయనం, మిద్దె మీద బకెట్‌లో చేసే పని కాదు. హెలికాప్టర్ గేర్‌బాక్స్ కేసింగులు మెగ్నీషియంవే కాబట్టి, విమానాల విడిభాగాలకు పూత వేసే యూనిట్లకు ఈ పని తెలుసు. అలాంటిది బెంగళూరులో వెతుక్కోండి. అక్కడే తుప్పును అడ్డుకునే డైక్రోమేట్ పూత కూడా వేయించుకోండి, వీలు గోధుమ రంగుకు తిరుగుతుంది. పెనెట్రెంట్ పరీక్ష ఆ పూతకు ముందే, శుభ్రమైన లోహం మీద జరగాలి. బ్లాస్టింగ్ చేసి ఉంటే పైపొర నలిగి పగుళ్ల నోళ్లు మూసుకుపోతాయి, అందుకని కొద్దిగా ఎచింగ్ (రసాయనంతో పైపొరను పలచగా కరిగించడం) చేశాకే పరీక్ష.

పూత పడిన రోజే ప్రైమర్ పడాలి. వీలును 100 డిగ్రీల పైన ఒక గంట ఉంచి తేమ లాగేసి, గోరువెచ్చగా ఉండగా ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, పైన టూకే (రెండు భాగాలు కలిపి కొట్టే) పాలీయురేథేన్ పెయింటు. మధ్యలో ఒట్టి చేతులతో తాకొద్దు, చెమటలో ఉప్పు ఉంటుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఈ పని పెట్టుకోవద్దు. నట్టు గుంటల్లో, హబ్బు ముఖం మీద పెయింటు పలచగా ఉండాలి. దళసరిగా ఉంటే బిగింపు కింద నలిగి నట్టు వదులవుతుంది.

వంగిన రిమ్మును సుత్తితో కొట్టి సరిచేస్తామంటే ఆ క్షణమే వీలు తీసుకుని బయటికి రండి. మామూలు ఉష్ణోగ్రతలో మెగ్నీషియం వంగదు, పగులుతుంది. టిగ్ వెల్డింగ్ రిమ్ము అంచున చిన్న చిట్లుకు మాత్రమే, సరైన ఫిల్లర్ రాడ్డుతో. స్పోకుకూ నట్టు గుంటకూ వెల్డింగ్ అన్నమాటే లేదు.

ఇంతా చెప్పాక నా అభిప్రాయం: రోడ్డు మీద తిప్పడానికి ఫుక్స్ అల్యూమినియం సెట్ కొనండి, మాహ్లేవి బాగు చేయించి పక్కన పెట్టండి. 5 నట్లు, 130 మిల్లీమీటర్ల పీసీడీ (నట్లు కూర్చునే వలయం వ్యాసం), నడిమి రంధ్రం 71.6 మిల్లీమీటర్లు, అన్నీ సరిపోతాయి. కొండ మీదికి వెళ్లి పాత ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకుల వేడి వీలు నడిమికి ఎక్కుతుంది. ఈ పాత మిశ్రమాలు 120 డిగ్రీలు దాటితే బిగింపు కింద మెల్లగా సాగుతాయి. అసలుదే ఎక్కించాలనే పట్టుదల ప్రదర్శనలకు ఉంచుకోండి.

ఎక్కించేటప్పుడు: నట్టు గుండ్రటి సీటుదే (గుంటలో ఆనే అడుగు బంతిలా ఉన్నదే) కావాలి, కోను సీటు నట్టు పట్టినట్టే ఉండి గుంటను చీలుస్తుంది. చేత్తో తొమ్మిది చుట్లకు తక్కువ కాకుండా ఎక్కాలి. ఎయిర్ గన్ వద్దు, టార్క్ రెంచితో ఒకటి విడిచి ఒకటి, 130 న్యూటన్ మీటర్లు. వంద కిలోమీటర్లకు మళ్లీ చూడండి. మెగ్నీషియం వీలైతే హబ్బు ముఖానికి డ్యూరలాక్ లాంటి జాయింటింగ్ కాంపౌండ్ (రెండు లోహాల మధ్య తుప్పు పుట్టకుండా రాసే ముద్ద) పలచగా రాయండి. తూకాలు అతికించేవే, క్లిప్పువి వద్దు. వాల్వు రబ్బరుది. గాలి మెల్లగా దిగుతుంటే ట్యూబు వేయండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

కాణిపాకంలో వాహన పూజ తప్పకుండా చేయించండి. నిమ్మకాయ టైరు కిందే నలగాలి, రసం వీలు మీద చిమ్మితే అక్కడికక్కడే నీళ్లు పోసి తుడవండి, అది కూడా యాసిడే. వాటర్ సర్వీస్‌లో కొట్టే వీల్ క్లీనర్ దానికి తాత, దాన్ని దగ్గరికి రానివ్వొద్దు.

పెనెట్రెంట్‌లో పగులు బయటపడిన వీలును ఇంకొకరికి అంటగట్టకండి. నట్టు గుంటలు ఎవరూ బిగించలేనట్టు రంపంతో కోసేయండి, పొడి తడవకుండా ఎత్తి విడిగా ఉంచండి. పాత ఇనుము కొట్టుకు వేసేటప్పుడు వీలు మీద పెద్ద అక్షరాలతో మెగ్నీషియం అని రాసి, నోటితో కూడా చెప్పండి. వాళ్లు అల్యూమినియం అనుకుని గ్యాస్ కట్టర్ పెడతారు.