కాలనీ పార్కులో ఏం పెట్టమని అడగాలి? ముందు ఫౌంటెన్ కొట్టేయండి

మహబూబ్‌నగర్‌లో మీ కాలనీ పార్కుకు నిధులు వచ్చేలా ఉన్నాయి, ఏమేం కావాలో రాసివ్వమన్నారు, మీరు ఓపెన్ జిమ్, ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్, పిల్లల ఆట వస్తువులు అని రాశారు, ఇంకేం చేర్చాలి అని అడిగారు. చేర్చే సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ లిస్టులోంచి ఫౌంటెన్ కొట్టేయండి.

మాది నల్గొండ. మున్సిపల్ పనులు పట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర ఏడేళ్లు సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను. రోడ్లు, మోరీలు, మధ్యమధ్యలో పార్కులు. తర్వాత అది మానేసి హార్డ్‌వేర్ షాపు పెట్టుకున్నాను, మా కాలనీ కమిటీలోకీ లాగారు. అంటే పార్కులు కట్టించినవాణ్ని నేనే, వాటి గురించి జనం తిట్లు తిన్నవాణ్నీ నేనే.

మా కాలనీ ఫౌంటెన్ ప్రారంభోత్సవం రోజు బ్రహ్మాండంగా ఎగిరింది. రంగు లైట్లు, ఫోటోలు, అన్నీ అయ్యాయి. మా బోరు నీళ్లు గట్టి నీళ్లు. రెండు నెలలకే నాజిళ్లకు తెల్లగా ఉప్పు పేరుకుంది. నాలుగో నెలలో మోటారు కాలింది. వానాకాలం వచ్చేసరికి తొట్టిలో నీళ్లు నిలిచి, దోమలు లేచి, ఎదురింటి ఆమె మా ఇంటికొచ్చి "మీ ఫౌంటెన్ పుణ్యాన పిల్లలకు డెంగీ వస్తే ఎవరు చూస్తరు?" అని నిలదీసింది. నీళ్లు తీయించేశాం. మోటారు బాగుచేయించడానికి ఏ పద్దు కిందా డబ్బు లేదు. నేను చూసిన ఎస్టిమేట్లన్నిట్లో ఇదే కథ: కట్టే ఖర్చు పైసలతో సహా రాసి ఉంటుంది, నడిపే ఖర్చు ఒక్క లైను కూడా ఉండదు. అందుకే మీరు ఏది అడిగినా పక్కనే ఇంకో గడి గీసి, చెడిపోతే ఎవరు బాగుచేయాలి అని రాయండి. ఆ గడి ఖాళీగా మిగిలిన ప్రతి వస్తువూ ఏడాదిలో తుక్కే.

ఇక ఏం కావాలో తెలియాలంటే లిస్టు రాసే ముందు పార్కులో కూర్చోవాలి. మేం ఈ పని ఆలస్యంగా, ఫౌంటెన్ పోయాక చేశాం. ఒక నోట్‌బుక్ పట్టుకుని తెల్లవారి 5 గంటలకు, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 5కి, రాత్రి 8కి ఎవరెవరు వస్తున్నారో, ఎక్కడ కూర్చుంటున్నారో నెల రోజులు వంతులవారీగా రాశాం. అందులో తేలినవి మా లిస్టులో ఒక్కటీ లేవు. మధ్యాహ్నం పార్కుకు తాళం వేసి ఉంటే గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు నలుగురైదుగురు గోడ దూకి లోపలికొస్తున్నారు. అద్దె గదుల్లో రేకుల కింద ఎండకు ఉండలేక. వాళ్లకు కావలసింది నీడ, కూర్చుని రాసుకునే అరుగు, ఒక ప్లగ్ పాయింట్. సెల్ఫీ పాయింట్ అని ఒక్కరూ అనలేదు. సాయంత్రం ఆడవాళ్లు గేటు దగ్గరి సగంలోనే నడుస్తున్నారు. వెనక సగంలో లైటు లేదు. లైటు ఎందుకు లేదు అంటే స్తంభం ఉంది, బల్బు పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. పైగా పొదలు నడుం ఎత్తు పెరిగాయి.

ఆ పొదల్ని మోకాలి ఎత్తుకు కత్తిరించి, రెండు బల్బులు మార్చాం. ఖర్చంతా కలిపి మా చందాల్లోంచి మూడు వేలు దాటలేదు. మరుసటి వారం నుంచి ఆడవాళ్లు పార్కు అంతా చుట్టి రావడం మొదలుపెట్టారు. గోడ ఎత్తు పెంచమని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. ఎత్తు గోడ తాగేవాళ్లకు సుఖం, నడిచేవాళ్లకు భయం. మూడడుగుల గోడ, దాని మీద జాలీ ఉంటే రోడ్డు మీద పోయేవాళ్లకు లోపల కనబడుతుంది, అంతకు మించిన వాచ్‌మన్ లేడు.

ఇప్పుడు బెంచీల సంగతి. చిన్న విషయమే గానీ కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇది మా ఇంటి విషయం. మా నాయనది మర్రిగూడ వైపు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లే తాగాడు. మోకాళ్లు, నడుం బిగుసుకుపోయాయి. మన ఉమ్మడి నల్గొండలో ఇలాంటి పెద్దమనుషులు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు, మీ వైపు ఊళ్లలోనూ ఉన్నారు. మా పార్కులో వేసినవి రెడీమేడ్ గ్రానైట్ బెంచీలు. పొట్టివి, వెనక ఆనుకోవడానికి లేదు, పక్కన పట్టుకోవడానికి లేదు. ఎండాకాలం సాయంత్రం 6 అయినా పెనంలా కాలుతాయి. నాయనను ఒకసారి తీసుకెళ్లి కూర్చోబెడితే లేవలేకపోయాడు. "బిడ్డా, గీ బెంచి మీద కూసుంటే లేపనీకి ఇద్దరు కావాలె. నువ్వే ఏయించినవా ఇవి?" అన్నాడు. నేనే వేయించాను. నిజంగా ఆ బిల్లు మీద సైట్ సంతకం నాదే.

కాబట్టి బెంచీ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఎత్తు 18 అంగుళాలు, వీపు ఆనుకునే పలక, రెండు పక్కలా చెయ్యి మోపి లేవడానికి పిడి, చెట్టు కింద వేయాలి అని రాయండి. ట్రాక్ పొడవునా 50 అడుగులకు ఒకటి ఉంటే మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా నడుస్తారు. కూర్చునే చోటు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాకే వాళ్లు అడుగు వేస్తారు.

గేటు కూడా అంతే. బైకులు రాకుండా అని జిగ్‌జాగ్ పైపులు పెడతారు. బైకు ఎలాగూ పక్క నుంచి దూరుతుంది, వీల్‌చెయిర్ మాత్రం ఆగిపోతుంది. ర్యాంపు వాలు 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు మించకూడదు. మేం కట్టినవాటిలో కొన్ని జారుడుబండల్లా ఉండేవి, ఎందుకంటే చివర్లో గుర్తొచ్చి పోసినవి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

తాగునీళ్లు అడిగేటప్పుడు జాగ్రత్త. పార్కులో కుళాయి అంటే కాంట్రాక్టరు చేతికి సులువుగా దొరికేది మొక్కల బోరు లైను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు తాగకూడదు. మన నేలలో బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా పిల్లల నోటికి అందించడం ఎంత తప్పో మా నాయన నడక చూస్తే తెలుస్తుంది. కుళాయికి మున్సిపల్ కృష్ణా నీళ్ల లైనే ఇవ్వాలని, మొక్కల పైపుకు వేరే రంగు వేయాలని రాసివ్వండి. మొక్కలకు డ్రిప్ పెడతామంటే కూడా ఫిల్టరు, దాన్ని నెలకోసారి కడిగే మనిషి ఎవరో అడగండి. మా దగ్గర డ్రిప్ చిల్లులు ఉప్పుతో మూసుకుపోయాయని తెలిసేసరికి మొక్కలు ఎండిపోయాయి.

చెట్ల విషయంలో మీకు మేం చెప్పేదేముంది, పిల్లలమర్రి మీ ఊళ్లోనే ఉంది. 2017 చివర్లో కొమ్మ విరిగి పడ్డాక, చెదలు పట్టిన ఆ మాను బతకాలని 2018లో సెలైన్ సీసాల్లాంటివి వేలాడదీసి మందు ఎక్కించడం అందరం టీవీలో చూశాం. అంత చేసే మనమే కొత్త పార్కు కడుతూ ఉన్న వేపచెట్టు మొదలు చుట్టూ టైల్స్ బిగించేస్తాం. చెట్టు వేరు నీళ్లు తాగాలంటే మొదలు చుట్టూ కనీసం నాలుగడుగులు మట్టి వదలాలి. అరుగు కట్టాలంటే ఆ మట్టికి అవతల కట్టండి.

కొత్తగా నాటేవి అలంకారం మొక్కలు కాకుండా కానుగ, వేప, నేరేడు అడగండి. కానుగ ఎండలు ముదిరే వేళకు కొత్త ఆకు వేసి పచ్చగా నిలబడుతుంది, మనకు నీడ కావలసింది అప్పుడే కదా. కోనోకార్పస్ వద్దు. తొందరగా పెరుగుతుందని ఊరంతా నాటారు గానీ పుప్పొడి అలర్జీ గురించీ, పైపుల్లోకి దూరే వేర్ల గురించీ ఫిర్యాదులు పెరిగి 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటొద్దని నిషేధించింది. లాన్ కూడా నాకు నచ్చదు, కానీ అది మా కమిటీలో ఇంకా తేలని గొడవ. నీళ్ల టాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఊళ్లో గడ్డికి రోజూ నీళ్లు పెట్టడం నాకైతే మనసొప్పదు.

పిల్లల ఆట వస్తువులు: ఇనుప జారుడుబండ వద్దు, మే నెలలో తొడలు కాలుతాయి. ఏ రకమైనా సరే చెట్టు నీడలో పెట్టించండి. ఓపెన్ జిమ్ మంచిదే, మా ఆడవాళ్లు బాగా వాడుతున్నారు. బేరింగులకు గ్రీజు పెట్టే పని ఒకరికి అప్పగించండి, చాలు. వాకింగ్ ట్రాక్ నున్నటి టైల్స్‌తో వేయనివ్వకండి, తొలి వానకే ఎవరో ఒకరు జారి తుంటి విరుగుతుంది. గట్టిగా రోలర్ తొక్కిన మొరం ట్రాక్ మోకాళ్లకూ మంచిది, బిల్లు తక్కువ కాబట్టి దాన్ని ఎవరూ సిఫారసు చేయరు. వెడల్పు ఆరడుగులు ఉంటే ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ నడిచినా మూడోవాడు పక్క నుంచి పోగలడు.

ఇంకో మాట. పార్కు నడుమ ఏమీ కట్టించకండి. నడుమ ఖాళీ ఉంటేనే బతుకమ్మ ఆడేది. మా ఫౌంటెన్ సరిగ్గా నడిబొడ్డున కట్టారు, ఆ ఏడాది బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లు రోడ్డు మీద ఆడారు, ఒక పక్క ఆటోలు హారన్ కొడుతుంటే. ఇంజినీరుకు డ్రాయింగ్‌లో నడుమ ఖాళీ కనబడితే ఏదో ఒకటి గీయాలనిపిస్తుంది. ఆయన తప్పు కాదు, మనం చెప్పాలి. అంచుల్లో తంగేడు, గునుగు పెరగనిస్తే ఇంకా మంచిది. ఈ రోజుల్లో తంగేడు పువ్వు కోసం ఊరి బయటికి బండి వేసుకుని పోవలసి వస్తోంది.

కాగితాల పని. మీ పార్కు స్థలం మున్సిపాలిటీ (ఇప్పుడు మీది కార్పొరేషన్) పేరు మీద గిఫ్ట్ డీడ్, అంటే ఉచితంగా రాసిచ్చే దస్తావేజు, అయిందో లేదో మొదట చూసుకోండి. అనుమతి ఉన్న లేఅవుట్‌లో 10 శాతం స్థలం ఓపెన్ స్పేస్‌గా వదిలి అలా రాసివ్వాలి. డీడ్ లేకుండా పార్కు కట్టిస్తే రేపు ఎవరో ఒకరు పట్టా పట్టుకుని వస్తారు, నేను ఒక సైట్‌లో సగం పని వదిలేసి సామాను లారీకి ఎక్కించుకుని వచ్చాను. అనుమతి లేని కాలనీ అయితే పార్కు స్థలం ఉండకపోవచ్చు, కానీ ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) కింద డబ్బు కట్టినవాళ్లు ఓపెన్ స్పేస్ వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం ఛార్జీ కట్టి ఉంటారు. ఆ రశీదులు దగ్గర పెట్టుకుని, మా వైపు ఒక పార్కు ఎక్కడ ఇస్తారు అని అడిగే హక్కు మీకుంది.

2019 మున్సిపల్ చట్టంలో బడ్జెట్‌లో 10 శాతం గ్రీన్ బడ్జెట్ అని ఉంది. చెట్ల ఖర్చు అడిగినప్పుడు నిధులు లేవంటే ఆ మాట గుర్తుచేయండి. గొంతు పెంచకుండా గుర్తుచేస్తే చాలు, నా అనుభవంలో అది బాగా పనిచేస్తుంది. పని అయ్యాక డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎప్పటిదాకా ఉందో రాతపూర్వకంగా తీసుకోండి, ఆ లోపు ఏది విరిగినా బాగుచేయవలసింది కాంట్రాక్టరే. చాలా కాలనీలకు ఈ సంగతి తెలియదు. నేను ఉద్యోగంలో ఉండగా మేం చెప్పేవాళ్లం కూడా కాదు, అది ఒప్పుకుంటున్నాను. ఇవ్వకపోతే పది రూపాయల ఆర్‌టీఐ దరఖాస్తుతో కొలతల పుస్తకం (చేసిన పనికి కొలతలు, లెక్కలు రాసే రిజిస్టరు) నకలు అడగండి. పేపరు మీద ఎన్ని బెంచీలు, నేల మీద ఎన్ని బెంచీలు లెక్కపెట్టుకోవచ్చు.

టాయిలెట్ గురించి ఏం చేయాలో మాత్రం నన్ను అడగకండి. మా దగ్గర కట్టారు, బాగానే కట్టారు. శుభ్రం చేసే మనిషిని పెట్టలేదు, అందుకని తాళం వేశారు. తాళంచెవి మూలమీది చాయ్ హోటల్‌లో ఉంటుంది. ఆడవాళ్లు అక్కడికి వెళ్లి నలుగురు మగవాళ్ల ముందు అడగలేరు కాబట్టి ఇంటికే వెళ్తారు, తిరిగి రారు. మహిళా సంఘానికి అప్పగించి నెలకు కొంత ఇద్దామని మేం మూడుసార్లు అర్జీ పెట్టాం. మీ కాలనీలో ఇది ఎవరైనా నడిపించగలిగితే ఎలా చేశారో కింద రాయండి, మా నాలుగో అర్జీకి పనికొస్తుంది.