నాన్న ట్రంకు పెట్టె

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. నాన్న ఆర్మీలో 17 ఏళ్లు చేసి, 1998లో హవల్దారుగా పెన్షన్‌కి వచ్చారు. తర్వాత విశాఖలో బ్యాంకు గార్డుగా చేరారు. ఎక్కువగా నైట్ డ్యూటీలే. సెలవు దొరికితే ఊరొచ్చి జీడితోటలో పని చూసుకునేవారు. పోయిన ఏడాది గుండెపోటుతో చనిపోయారు. రెండు నెలల్లో సంవత్సరీకం. ఘనంగా చేయాలని అన్నయ్య పట్టుదల. మిలటరీ యూనిఫాంలో ఉన్న ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ, మెడల్స్‌కి అద్దాల ఫ్రేము, ఊరి పెద్దల ప్రసంగాలు. గార్డు ఉద్యోగం మాట మాత్రం ఎత్తొద్దంటున్నాడు. మెడల్స్ ఉన్న ట్రంకు పెట్టె తాళం అమ్మ ఎవరికీ ఇవ్వడం లేదు. ఆమె సరిగా తినదు, ఎవరితోనూ మాట్లాడదు. ఇక నా సంగతి. చిన్నప్పుడు నాన్న మా దగ్గర లేరు. శ్రీలంకలో ఉన్నారని తెలుసు, అడిగితే లేచి వెళ్లిపోయేవారు. ఆ కోపం నాకు పోలేదు. ఇప్పుడు అందరూ ఆయన్ని పొగుడుతుంటే ఏడుపొస్తోంది, అది దొంగ ఏడుపేమో అనీ అనిపిస్తోంది.
– ఒక సోదరి

జవాబు: దొంగ ఏడుపు కాదమ్మా. కోపం తీరకుండానే మనిషి వెళ్లిపోతే వచ్చే ఏడుపు ఇలాగే ఉంటుంది. ఆయన మీ దగ్గర లేకపోవడం నిజం, మిమ్మల్ని పోషించడమూ నిజం. సంవత్సరీకం వస్తోంది కదా అని మొదటిదాన్ని మనసులోంచి తుడిచేసుకోనక్కర్లేదు.

ముందు అమ్మ గురించి. ఆ పెట్టె తాళం ఆవిడ దగ్గరే ఉండనివ్వండి. అడిగి అడిగి విసిగించొద్దు, అన్నయ్యనూ అడగనివ్వొద్దు. నాన్న సర్వీసులో ఉన్న అన్నేళ్లూ ఇల్లు నడిపింది ఆవిడ. పిల్లల జ్వరాలు, తోట తగాదాలు, అత్తగారి మందులు అన్నీ ఒక్కతే చూసుకుంది. నాన్న జీవితంలో సగం ఆవిడ మోసిందే. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరైనా ఆవిడతో అన్నారా? పెద్దవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి ‘నాన్న గురించి చెప్పమ్మా’ అంటే నోరు పెగలదు. ఇద్దరూ కూర్చుని కూరగాయలు తరుగుతున్నప్పుడో, బియ్యం ఏరుతున్నప్పుడో చిన్న చిన్నవి అడగండి. ఇన్లాండ్ లెటర్ వస్తే ఎవరు చదివిపెట్టేవారు? లీవుకి వస్తున్నారని ఎలా తెలిసేది? వచ్చిన రోజు ఏం వండేదానివి? తిరిగి రైలెక్కిన రోజు రాత్రి ఎలా గడిచేది? జవాబు రాకపోతే ఆ పూటకి వదిలేయండి.

ఇక మీ కోపం సంగతి. జవానుకి ఏడాదికి దొరికేది రెండు నెలల వార్షిక సెలవు, ఒక నెల క్యాజువల్ లీవు. బోర్డర్‌లో పరిస్థితి బాగాలేకపోతే అదీ రద్దే. ఊళ్లో ఫోన్లు లేని రోజులవి. ఆయన కావాలని దూరంగా లేరని ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన మీ చిన్నతనంలోని లోటు తీరిపోదు, అదీ నాకు తెలుసు.

శ్రీలంక గురించి ఆయన పెదవి విప్పకపోవడం మీకు గట్టిగా తగిలినట్టుంది. 1987 జూలైలో భారత్, శ్రీలంకల మధ్య ఒప్పందం కుదిరాక మన సైన్యం శాంతి పరిరక్షక దళంగా అక్కడికి వెళ్లింది. అక్టోబరు వచ్చేసరికి ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్‌టీటీఈతో యుద్ధంలో దిగాల్సి వచ్చింది. మన సైనికులు సుమారు 1,200 మంది ప్రాణాలు పోయాయి. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు రేవులో దిగితే, స్వాగతానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. 1971 యుద్ధం నుంచి వచ్చినవాళ్లకు దక్కిన పూలదండలు వీళ్లకు దక్కలేదు. ఎవరి కోసం పోరాడామో, పక్కనున్నవాడు ఎందుకు చచ్చిపోయాడో ఊళ్లో అరుగు మీద కూర్చుని చెప్పుకునే సంగతులు కావవి. మీ నాన్నగారి మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఆయన లేచి వెళ్లిపోయింది మీరంటే ఇష్టం లేక అని మాత్రం అనుకోకండి. ఆ రోజులు తెలుసుకోవాలంటే దారి ఉంది. మండలంలో మాజీ సైనికుల సంఘం ఉంటే వెళ్లి ఆయన యూనిట్ పేరు చెప్పండి. కలిసి పనిచేసినవాళ్లు ఒక్కరు దొరికినా చాలు, సంవత్సరీకానికి పిలవండి. ప్రసంగం చేయమనొద్దు, మీ పక్కన కూర్చుని భోంచేస్తే చాలు, మాటలు అవే వస్తాయి.

అన్నయ్యతో ఒక్క విషయంలో మాత్రం గట్టిగా నిలబడండి. గార్డు ఉద్యోగం దాచడం తప్పు. హవల్దారుగా తన కింద పదిమందిని నడిపిన మనిషి, బ్యాంకు గుమ్మం దగ్గర కుర్చీలో రాత్రంతా మేలుకుని కూర్చున్నారు. తనకంటే చిన్నవాళ్లకు సెల్యూట్ కొట్టారు. పెన్షన్ డబ్బుతో ఇల్లు గడిస్తే, బహుశా ఆ జీతంతోనే మీ ఫీజులు కట్టి ఉంటారు. ఆయన పడ్డ కష్టంలో ఎక్కువ కాలం అదే. ఫ్లెక్సీ కట్టాలంటే కట్టమనండి, అన్నయ్య దుఃఖం అలా బయటికొస్తోంది. దాని పక్కన గార్డు డ్రెస్సులో ఉన్న ఫొటో, జీడితోటలో లుంగీ కట్టుకుని నిలబడ్డ ఫొటో కూడా ఉండాలి.

పెట్టెలో డిశ్చార్జ్ బుక్ ఉండే ఉంటుంది. ఆయన సర్వీసు వివరాలు, మెడల్స్, కుటుంబం పేర్లు అందులో రాసి ఉంటాయి. మెడల్ అంచు తిప్పి చూడండి, సన్నటి అక్షరాల్లో ఆయన నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఫ్యామిలీ పెన్షన్ ఇంకా అమ్మ పేరు మీదికి మారకపోతే ఆ పుస్తకం, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం), మరణ ధ్రువపత్రం తీసుకుని శ్రీకాకుళంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. సైనికుల పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌లో ఎలా నమోదు చేయాలో, మాజీ సైనికుల కుటుంబాలకు వైద్యం అందించే ఈసీహెచ్‌ఎస్ పథకంలో అమ్మ కార్డు సంగతేంటో అక్కడే చెబుతారు. కాగితాల కోసమని చెబితే అమ్మ తనే తాళం తీయొచ్చు. తీసినప్పుడు మీరిద్దరే ఉండండి, ఫోన్‌తో ఫొటోలు తీయొద్దు.

ఆవిడ తిండి విషయం మాత్రం సంవత్సరీకం దాకా ఆపొద్దు. పది నెలలైనా తినక, మాట్లాడక ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే. ఈ వారమే తీసుకెళ్లండి. ఆవిడ రానంటే 14416కి మీరే ఫోన్ చేయండి. అది టెలీమానస్, ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ గురించి కూడా అక్కడ చెప్పుకోవచ్చు.