ఆ నక్షత్రం గుర్తు తీసేయకు తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. రష్యన్, పోలిష్ లాంటి స్లావ్ భాషల్లో ఎలుగుబంటి పేరు గురించి తెలుగులో రాయాలని తోచడమే నాకు నచ్చింది, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా.

'రష్యన్ మెద్వేద్ (ఎలుగుబంటి) మన సంస్కృతం నుంచే పోయింది' అని మొదలుపెట్టావు. షేర్లు బాగానే వస్తాయి, కానీ అది తప్పు. మన 'మధు', వాళ్ల తేనె 'మ్యోద్' రెండూ ఇంకా పాతదైన ఇండో-యూరోపియన్ మూలం నుంచి వేర్వేరుగా వచ్చినవి. ఇక 'వేద్' అంటే తెలియడం కాబట్టి 'తేనె జాడ ఎరిగినది' అన్న మాట రష్యాలోనూ చాలామంది నమ్ముతారు, వినడానికి బాగుంటుంది కదా. కానీ ఈ పేర్లన్నిటికీ మూలమైన పాత స్లావ్ రూపం *మెద్వేదిని విరవాల్సింది అక్కడ కాదు. ముందుది మెదు, తేనె, వెనకది తినడం. అచ్చు తగలగానే ఉకారం వకారమైంది, బళ్లో మనం బట్టీ పట్టిన యణాదేశ సంధిలో మధు + అరి 'మధ్వరి' అయినట్టే. తెలుగు పాఠకుడికి ఇంతకంటే దగ్గరి దారి ఏముంటుంది, నువ్వు దాన్నే వదిలేశావు!

*మెద్వేది ముందున్న నక్షత్రం గుర్తు ఎందుకు తీసేశావు? ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదు. సిరిల్, మెథోడియస్ అనే క్రైస్తవ ప్రచారకుల పుణ్యమా అని 9వ శతాబ్దంలో గానీ స్లావులకు సొంత రాత రాలేదు, అంతకు ముందుదాన్ని పండితులు పిల్లభాషల్ని పోల్చి కట్టారు. ఆ గుర్తు లేకపోతే అబద్ధం చెప్పినట్టే.

నువ్విచ్చిన పది భాషల పట్టిక ఎవరూ చదవరు. వంకర తిరిగిన రూపాల దగ్గర ఆగు. పోలిష్‌లో మొదటి 'మ' కాస్తా 'న' అయి 'నెజ్‌వ్యెచ్' అయింది. చెక్‌లో ఇప్పుడు 'మెద్వెద్' అంటారు గానీ 'న'తో ఉన్న రూపం ఇంటిపేర్లలో మిగిలింది, 2003లో బాలన్ డోర్ అవార్డు గెలిచిన ఫుట్‌బాల్ ఆటగాడు నెద్వెద్ పేరులో ఉన్నది అదే. ఉక్రెయిన్‌లో హల్లులు తారుమారై 'వెద్మిద్'. హంగేరియన్ 'మెద్వె'ని మాత్రం వీటిలో కలపకు, అది అరువు, ఆ భాష స్లావ్ కాదు.

అసలు కథ వేరే ఉంది. సంస్కృతం ఋక్షం, గ్రీకు ఆర్క్‌టోస్, లాటిన్ ఉర్సుస్ అన్నీ ఎలుగుకున్న ఒక్క పాత పేరు నుంచి వచ్చినవే, స్లావులు ఆ పేరునే పోగొట్టుకుని 'తేనె తినేది' అనడం మొదలుపెట్టారు. పేరెత్తితే మృగం వస్తుందన్న భయమే కారణమని పండితులు అంటారు. నువ్వూ 'అంటారు' అనే రాయి, చూసొచ్చినట్టు రాయకు. మన ఊళ్లల్లో పాము కరిస్తే 'పురుగు ముట్టింది' అనరూ? వ్యాసం అక్కడ మొదలుపెట్టు.

ఎలుగుని బల్గేరియన్‌లో పిలిచే 'మెచ్కా' మీద రాసిన పేరా మాత్రం తిరగరాసి నాకు ముందు పంపు, అందులో నువ్వు ఏం చెప్పదలుచుకున్నావో నాకు అర్థం కాలేదు.