సోలార్ పనిలోకి దిగుతున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇళ్ల పైకప్పుల మీద సోలార్ పెట్టే పని మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ప్యానెళ్లు బిగించడం నీ కుర్రాళ్లకు కొన్ని నెలల్లో పట్టుబడుతుంది. ఈ వ్యాపారంలో కొంప ముంచేది వేరే ఉంది. కొటేషన్ రాసిన రోజున ఉన్న నిబంధన మీటరు పెట్టే రోజుకు మారిపోతుంది.

ఈ రంగం పెరిగిందే ప్రభుత్వాల హామీ మీద. జర్మనీ 2000లో తెచ్చిన చట్టం గ్రిడ్‌కు ఇచ్చే ప్రతి యూనిట్‌కూ ఇరవై ఏళ్లపాటు స్థిరమైన ధర ఖాయం చేసింది. స్పెయిన్ కూడా ఉదారంగా ధరలు ప్రకటించింది. 2008లో ప్లాంట్లు వెల్లువెత్తాయి. ఆ భారం మోయలేక తర్వాతి ఏళ్లలో అప్పటికే నడుస్తున్న ప్లాంట్ల రాబడికీ కోత పెట్టింది. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ మధ్య నుంచి కొత్త దరఖాస్తుదారులకు గ్రిడ్‌కు ఇచ్చే యూనిట్ విలువ సుమారు 75 శాతం తగ్గింది. అమెరికాలో సొంత డబ్బుతో సోలార్ పెట్టుకునే ఇంటి యజమానికి 2032 దాకా 30 శాతం పన్ను రాయితీ ఉంటుందన్నారు. 2025 జూలైలో వచ్చిన చట్టం దాన్ని అదే ఏడాది డిసెంబరు 31తో ముగించింది. చైనాలో 2025 జూన్ 1 తర్వాత మొదలయ్యే ప్లాంట్ల కరెంటును మార్కెట్ ధరకు వదిలేశారు. గడువు దాటకూడదని ఒక్క మే నెలలోనే సుమారు 93 గిగావాట్లు బిగించారు, జూన్‌లో అది 14 దగ్గరికి పడిపోయింది. అంత హడావుడిలో పెంచుకున్న సిబ్బందికి మర్నెల జీతాలు ఎక్కడి నుంచి వస్తాయో ఆలోచించు. గడువు ముందు వచ్చే గిరాకీని చూసి శాశ్వత ఖర్చులు పెంచుకోవద్దు.

కాబట్టి కొటేషన్‌ను ఇలా వెయ్యి. కస్టమర్ దగ్గర పన్నెండు నెలల బిల్లులు తీసుకో. అవి చాలవు, పగటిపూట గంటగంటకూ వాడకం ఎంతో కూడా రాబట్టు. ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే ఇంట్లో ఉత్పత్తిలో ఇంచుమించు మూడో వంతే అక్కడికక్కడ ఖర్చవుతుంది. మిగతాది గ్రిడ్‌కు పోతుంది, దాని ధర నీ చేతిలో లేదు. గ్రిడ్‌కు పోయే కరెంటుకు సున్నా వేసి లెక్క కట్టు. అప్పుడు కూడా పెట్టుబడి సహేతుకమైన కాలంలో తిరిగొస్తే ఆ సైజు సరైనది. రాకపోతే ప్యానెళ్లు తగ్గించు, లేదా నీళ్ల మోటారు, గీజర్ లాంటివి మధ్యాహ్నానికి మార్పించు. దీనివల్ల కొన్ని ఆర్డర్లు పోతాయి, పోనీ.

సున్నా అన్నది అతి జాగ్రత్త అనుకోకు. జర్మనీలో 2024లో 457 గంటలపాటు టోకు మార్కెట్లో కరెంటు ధర సున్నా కంటే కిందికి పోయింది. 2025 ఫిబ్రవరి చివర్లో అమల్లోకి వచ్చిన చట్టంతో అలాంటి వేళల్లో కొత్త ప్లాంట్లకు చెల్లింపు ఆపేశారు. మధ్యాహ్నపు యూనిట్ చౌకై సాయంత్రపు యూనిట్ ప్రియమవుతున్న చోట ప్యానెళ్లన్నీ ఒకే దిక్కుకు తిప్పడం కన్నా కొన్ని తూర్పుకు, కొన్ని పడమరకు పెడితే మొత్తం ఉత్పత్తి కాస్త తగ్గినా వాడుకునే వాటా పెరుగుతుంది. బ్యాటరీ ఇప్పుడు కొనకపోయినా తర్వాత తగిలించుకునే ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) పెట్టు. గ్రిడ్‌కు పోయేదానికి పరిమితి పెట్టాల్సి వస్తే కరెంటు కొలిచే క్లాంప్ మీది బాణం గుర్తు సరైన వైపుకు ఉందో లేదో చూడు. తిరగేసి పెడితే ఇన్వర్టర్ దిగుమతిని ఎగుమతిగా చదువుతుంది, పరిమితి పనిచేయదు.

ఇక సరుకు. ప్యానెళ్ల తయారీలో ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా చైనాదే. అక్కడ ఫ్యాక్టరీలు అవసరానికి మించి పెరగడంతో 2023లో ప్యానెళ్ల ధర దాదాపు సగానికి పడింది. గోదాము నింపుకున్నవాళ్లు నష్టపోయారు. ధర ఎప్పుడూ కిందికే పోతుందనీ అనుకోవద్దు. 2024 డిసెంబరు నుంచి చైనా ఎగుమతిదారుకు తిరిగిచ్చే పన్నును 13 నుంచి 9 శాతానికి తగ్గించింది. దిగుమతి సుంకాలు మారుతూనే ఉంటాయి. అందుచేత చేతిలో ఉన్న ఆర్డర్లకు సరిపడా మాత్రమే కొను. కొటేషన్ గడువు పదిహేను రోజులు దాటనివ్వకు. సుంకం, పన్ను మారితే తేడా కస్టమర్‌దని ఒప్పందంలో రాయి. అడ్వాన్స్ సరుకు ఖరీదుకు సరిపోవాలి, చివరి వాయిదాను సబ్సిడీ వచ్చాక ఇస్తాననే మాటకు ముడిపెట్టనివ్వకు.

ధరతోపాటు సరుకూ మారుతుంది. పాత డిజైన్ కాగితం మీద కొత్త ప్యానెల్ పెట్టొద్దు. 182 మిల్లీమీటర్ల సెల్ ఉన్న ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంటు (అది ఇవ్వగల గరిష్ఠ కరెంటు) 14 ఆంపియర్ల దాకా, 210ది 18 దాకా ఉంటుంది. పాత ఇన్వర్టర్లు చాలావరకు 12.5 దగ్గరే ఆగిపోతాయి. చలికి ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది, కాబట్టి వోల్టేజీ లెక్క చలికాలపు తెల్లవారుజాముకు వెయ్యి. 52 వోల్టుల ప్యానెల్, డిగ్రీకి 0.25 శాతం మార్పు, కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు అనుకో. డేటాషీట్ వోల్టేజీ 25 డిగ్రీల దగ్గర కొలిచింది, దానికంటే 20 డిగ్రీలు తక్కువ కాబట్టి 5 శాతం పెరిగి 54.6 అవుతుంది. 1000 వోల్టుల ఇన్వర్టర్‌కు ఒక స్ట్రింగ్‌లో, అంటే వరుసగా కలిపిన గొలుసులో, 18 ప్యానెళ్లే, 19 పెడితే 1037 దాటి ఇన్వర్టర్ కాలిపోవచ్చు, వారంటీ పోతుంది. రెండు వైపులా రెండేసి మిల్లీమీటర్ల గాజుతో వచ్చే పెద్ద ప్యానెళ్లను పట్టి ఉంచే క్లాంపులు డేటాషీట్‌లో చెప్పిన చోటే పడాలి, టార్క్ రెంచ్ (చెప్పినంత బిగువే ఇచ్చే పానా) లేకుండా బిగించనివ్వకు. వేర్వేరు కంపెనీల కనెక్టర్లను ఒకదానిలో ఒకటి దూర్చడం అస్సలు వద్దు. చూడటానికి సరిపోతాయి గానీ కాంటాక్ట్ వదులై వేడెక్కి నిప్పంటుకుంటుంది.

పాతికేళ్ల వారంటీ అంటే పాతికేళ్లు ఆ కంపెనీ బతకాలి. అమెరికాలో పేరున్న సోలార్ కంపెనీ సన్‌పవర్ 2024 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది. ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరు, ఏ స్ట్రింగ్‌లో ఉందో, కొన్న బిల్లు, కనెక్షన్ రోజున కొలిచిన వోల్టేజీ రీడింగులు కస్టమర్‌కు ఒక ఫైలు, నీకో ఫైలు చెయ్యి.

నీ మొదటి ఒప్పందం ముసాయిదా సంతకానికి ముందే నాకు పంపు. వాయిదాల పేరా, సుంకాల పేరా నేను చదివి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న