కారు నడపడం వస్తే ఫోర్క్‌లిఫ్ట్ వచ్చినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. పై చదువులు వద్దంటున్నాడు. గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్‌గా చేరతాడట. రెండు రోజుల్లో సర్టిఫికెట్ ఇచ్చే చోటు కూడా చూసుకున్నాడు. బైకు, కారు బాగా నడుపుతాడు. 'ఇందులో ఏముందమ్మా, కారు కన్నా నెమ్మదిగా పోయే బండి' అంటాడు. బంధువులేమో ప్రమాదం, పంపొద్దు అంటున్నారు. నాకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: పంపండమ్మా. ఆ రెండు రోజుల సర్టిఫికెట్‌కి మాత్రం వద్దు. సరుకు పెద్ద ఎత్తున నిల్వ చేసే చోట్ల, దాన్ని ఎత్తి మోసే ఈ బండితో పని ఉంటుంది, నేర్చుకున్నవాడికి గిరాకీ ఉంటుంది. మీ బంధువులు బండిని చూసి భయపడుతున్నారు. నాకు భయం వేసింది మాత్రం మీవాడు అన్న ఆ ఒక్క మాటకే.

కారు కన్నా నెమ్మదే, కాదనను. కానీ రెండున్నర టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ తానే మూడున్నర, నాలుగు టన్నులు తూగుతుంది. ముందు ఎత్తే సరుకుకి సరితూగేలా వెనకాల పెద్ద ఇనుప దిమ్మ పెడతారు కాబట్టి అంత బరువు. తక్కెడ గుర్తుచేసుకోండి. ముందు చక్రాలే దాని ఇరుసు. ఒక పక్క సరుకు, ఇంకో పక్క దిమ్మ. సరుకు మరీ బరువైనా, ఫోర్కుల (సరుకు కిందకి దూర్చి ఎత్తే, ముందున్న రెండు ఇనుప చేతుల) మొదటికి ఆనకుండా కొసల వైపు జరిగి ఉన్నా వెనక చక్రాలు నేల వదిలేస్తాయి. ఈ బండి తిరిగేది వెనక చక్రాలతోనే. అవి లేచాయంటే ఇక స్టీరింగ్ చేతిలో ఉన్నా లేనట్టే.

అందుకే బండి మీద ఒక ప్లేటు ఉంటుంది. '2000 కిలోలు, 500 మిల్లీమీటర్లు' అని ఉందనుకోండి. సరుకు బరువుకి మధ్యబిందువు ఫోర్కుల మొదటి నుంచి అర మీటరు లోపు ఉంటేనే రెండు టన్నులు ఎత్తొచ్చని అర్థం. పెట్టె పొడుగై ఆ బిందువు ముందుకు జరిగితే ఎత్తగలిగే బరువు తగ్గిపోతుంది. మరీ పైకి ఎత్తాల్సి వచ్చినా తగ్గుతుంది. ఆ ప్లేటు చదవడం రానివాడిని, ఎంత బాగా తిప్పినా, నేను ఆపరేటర్ అనను.

కారు బాగా నడిపేవాళ్లకి ఇంకో చిక్కుంది. మలుపులో కారు ముందు భాగం తిరుగుతుంది, వెనక భాగం దాన్ని అనుసరిస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్‌లో వెనక భాగమే పక్కకి విసిరినట్టు వెళుతుంది. పక్కన ర్యాక్ ఉంటే ర్యాక్‌కి తగులుతుంది, మనిషి ఉంటే మనిషికి తగులుతుంది. సరుకు లేకుండా ఖాళీగా వేగంగా మలుపు తిప్పినప్పుడు పక్కకి పడిపోయే ప్రమాదం ఎక్కువని చెబితే మీవాడు నమ్మకపోవచ్చు. నిజమే కానీ. సరుకు లేనప్పుడు బరువంతా వెనకే ఉంటుంది, అక్కడ ఆసరా ఇరుకు.

బండి ఒరుగుతుంటే బయటికి దూకాలనిపిస్తుంది. దూకితే తల మీద ఉండే ఇనుప చట్రం కిందే పడతారు. బెల్టు పెట్టుకుని సీట్లోనే ఉండి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాళ్లు అదిమి, బండి పడే వైపుకి కాకుండా ఎదురు వైపుకి వాలాలి. (నిలబడి నడిపే కొన్ని బండ్లలో వెనక నుంచి దిగిపోవాలి, ఆ నియమం వేరు.) ఈ క్షణం ఎవరికీ ఆలోచించే సమయం ఇవ్వదు. కాబట్టి ముందే ఒంటికి అలవాటు చేయాలి. రెండు రోజుల్లో అలవాటవుతుందా, మీరే చెప్పండి.

మిగతావి నేర్పితే వచ్చేవే. ఫోర్కులు నేలకి ఓ జానెడు లోపు ఎత్తులో ఉంచి వెళ్లడం, సరుకు ఎదుటి దారిని కప్పేస్తే రివర్స్‌లో నడపడం, ర్యాంప్ మీద సరుకు ఎప్పుడూ ఎగువ వైపే ఉండేలా చూసుకోవడం, ఎత్తిన ఫోర్కుల కింద ఎవరినీ నడవనివ్వకపోవడం. దిగేటప్పుడు ఫోర్కులు నేలకి ఆనించి, బ్రేకు వేసి, తాళం తీసుకోవడం. లెడ్-యాసిడ్ బ్యాటరీల ఛార్జింగ్ దగ్గర మండే వాయువు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి అక్కడ నిప్పు ఉండకూడదు.

నేర్పితే రానిది ఒకటుంది. లారీ వచ్చి ఆగి ఉంటుంది, సూపర్‌వైజర్ 'కానీ, కానీ' అని అరుస్తుంటాడు. లారీ చక్రాల కింద అడ్డుకట్టలు పెట్టలేదు. అప్పుడు 'అవి పెట్టేదాకా లోపలికి వెళ్లను' అనగలగాలి. పైన ఉన్న బల్బు మార్చడానికి ఫోర్కుల మీద నిలబెట్టి ఎత్తమని సీనియర్ అడిగితే, నవ్వినా సరే, కుదరదనాలి. మీ అబ్బాయి స్నేహితులు రెచ్చగొడితే బైకు వేగం పెంచుతాడా, పెంచడా? నాకు తెలియదు, మీకు తెలుసు. ఈ ఉద్యోగానికి అతను సరిపోతాడా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

ఇక కష్టాలు. రోజంతా మెడ వెనక్కి తిప్పి చూడటం, నడుముకి కుదుపులు, రాత్రి షిఫ్టులు. ముందుకెళ్లే దారీ ఉంది. మామూలు బండి తర్వాత ఇరుకు వరసల్లో చాలా ఎత్తుకి పెట్టే రీచ్ ట్రక్ నేర్చుకుంటే విలువ పెరుగుతుంది. దానికి మళ్లీ విడిగా శిక్షణ కావాలి, ఒక రకం బండి సర్టిఫికెట్ ఇంకో రకానికి చెల్లదనే అనుకోండి. సరుకు లెక్కలు, కంప్యూటర్ కూడా పట్టుకుంటే కొన్నేళ్లకి షిఫ్ట్ ఇన్‌ఛార్జి కావచ్చు.

ఫీజు కట్టే ముందు మీరిద్దరూ వెళ్లి ఆ శిక్షణ చూసి రండి. ఒక్కొక్కరికీ బండి మీద ఎన్ని గంటలు ఇస్తారు? నిజమైన బరువు ఎత్తిస్తారా, ఖాళీ ప్యాలెట్లేనా (సరుకు పేర్చే చెక్క పలకలు)? చివర్లో పరీక్ష ఎవరు పెడతారు, తప్పినవాళ్లు ఉన్నారా? ఎవరూ తప్పలేదంటే అనుమానించండి. పొద్దున బండి తీసే ముందు టైర్లు, బ్రేకు, హారన్, ఫోర్కుల్ని పైకి లేపే గొలుసులు, ఆయిల్ కారడం చూసి కాగితం మీద రాస్తున్నారో లేదో గమనించండి. నేర్పే ఆయనే బెల్టు పెట్టుకోకుండా బండి కదిలించాడంటే ఇంకో చోటు వెతుక్కోండి.