స్వాస్థ్యం ఆరోగ్యమా, ఆస్తా?

సందేహం: మా మామగారు రాజోలు దగ్గర కౌలుకు వరి చేస్తారు. సార్వా ఊడ్పులకు ముందు గట్టు మీద నిలబడి ప్రార్థన చేసేటప్పుడు "ప్రభువా, నా స్వాస్థ్యభాగము నీవే" అంటారు. హిందీ మాస్టారుగా పనిచేస్తున్న మా తమ్ముడు స్వాస్థ్యమంటే ఆరోగ్యమేననీ, ఆస్తి అనే అర్థం దొరలు పుట్టించిందనీ, బైబిల్లోని "స్వతంత్రించుకొను" కూడా తప్పేననీ వాదిస్తున్నాడు. సండే స్కూలు పిల్లలకు ఈ మాటలు తీసేసి "ఆధ్యాత్మిక వారసత్వం" అని చెప్పవచ్చా? (రాజోలు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీ తమ్ముడుగారు చెప్పినదాంట్లో సగం నిజముంది. స్వస్థుడు అంటే తనలో తాను నిలకడగా ఉన్నవాడు, ఆ స్థితి స్వాస్థ్యం. సంస్కృతంలోనూ హిందీలోనూ దీనికి ఆరోగ్యమనే అర్థం. మన అస్వస్థత, మీ ప్రాంతంలో గోడపత్రికల మీద కనిపించే "స్వస్థత కూటములు" ఆ కుదురు నుంచి వచ్చినవే. అయితే తత్సమం తెలుగులో అడుగుపెట్టాక దాని అర్థాన్ని నిర్ణయించేది తెలుగువాడి వాడుకే గాని హిందీ నిఘంటువు కాదు. హిందీలో శిక్ష అంటే చదువు, మనకు దండన. హిందీలో ఉపన్యాసం నవల, మనకు ప్రసంగం. "శిక్షామంత్రి" అన్న మాట విన్న తెలుగు పిల్లవాడు హడలిపోతే ఆ తప్పు పిల్లవాడిది కాదని మాస్టారుగారికి నేను చెప్పనక్కరలేదు.

ఇక ఆస్తి అనే అర్థం దొరలు పుట్టించిందన్న వాదం నిలవదు. కన్నడ బైబిల్లోనూ ఈ అర్థానికి ఇదే మాట ఉంది, కాకపోతే వారు థకారం లేకుండా "స్వాస్త్య" అని రాస్తారు. తమిళ బైబిలు దీనికి "సుదందరం" అంటుంది; అది మన స్వతంత్రమే. "కుమారులు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము" అని మనం చదువుకునే 127వ కీర్తనలో తమిళులకు కనిపించేది ఆ సుదందరమే. ఈ మాట ఊరి లెక్కల్లోనూ ఉండేది. మద్రాసు రాజధాని కాలపు రెవెన్యూ కాగితాల్లో గ్రామోద్యోగులకూ, సేవకులకూ పంటలోంచి ఆనవాయితీగా, తరతరాలుగా దక్కే భాగాలకు "స్వతంత్రాలు" అని పేరు. కళ్లంలో రాశి ఇంటికి చేరకముందే కొలిచి ఇచ్చే ఆ గింజలు ఎవరి దయాధర్మం మీదా ఆధారపడినవి కావు. పుట్టిన ఇంటిని బట్టి, చేసే పనిని బట్టి వచ్చే హక్కు అది. 1836లో మన దేశానికి వచ్చి గోదావరి డెల్టాలో నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో బోధించిన బౌడెన్, బీర్ వంటి మిషనరీలకైనా, వారికి ముందూ వెనకా తెలుగు బైబిలు మీద పనిచేసినవారికైనా, వినేవాళ్లు పొలం పంపకాల భాషలో బతికే జనం. తండ్రి ఇచ్చే భాగం గురించి ఆ జనానికి చెప్పాలంటే వేదాంత పరిభాష కన్నా ఊరి కరణం పరిభాషే అక్కరకు వచ్చేది.

"సాత్వికులు ధన్యులు, వారు భూలోకమును స్వతంత్రించుకొందురు" అన్నచోట ఉన్నది ఈ స్వతంత్రమే. భూమిని తమ స్వతంత్రంగా, అంటే తమకు న్యాయంగా చెందిన భాగంగా పొందుతారని దాని భావం. "స్వతంత్రించి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి" అన్నప్పుడు మనం వాడేది వేరు అర్థం, చొరవ తీసుకోవడం. ఆ అర్థంతో ఈ వాక్యాన్ని చదివితే సాత్వికులు భూమితో చనువు తీసుకుంటారని తేలి, సాత్వికత్వమే ఎగిరిపోతుంది. స్వతంత్రం అనగానే దేశ స్వాతంత్ర్యమే తలపుకు వచ్చే ఈ కాలంలో పాత అర్థం మరుగున పడింది గాని, ప్రయోగంలో తప్పు లేదు.

ఇప్పుడు మీ మామగారి మాటకు వస్తాను, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఆపింది అదే. కనాను దేశాన్ని చీట్లు వేసి ఇశ్రాయేలీయుల గోత్రాలకు పంచినప్పుడు, దేవుని సేవకు ఏర్పడిన లేవీ గోత్రానికి మాత్రం విడిగా దేశభాగం రాలేదు. యెహోవాయే వారికి స్వాస్థ్యమని ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చెబుతుంది. "యెహోవా నా స్వాస్థ్యభాగము" అనే 16వ కీర్తన పలుకు ఆ నేపథ్యం నుంచి వచ్చినదే. ఆ వెంటనే "మనోహర స్థలములలో నాకు పాలు ప్రాప్తించెను" అన్నచోట హీబ్రూ మూలంలో ఉన్నది భూమిని కొలిచే తాళ్ల ప్రస్తావన. అంటే ఈ మాటలు పట్టాదారు కన్నా పట్టా లేనివాడి నోటనే ఎక్కువ అతుకుతాయి. ఎకరానికి ఇన్ని బస్తాలని భూస్వామికి కొలిచి ఇచ్చి, సార్వా మునిగితే దాళ్వా మీద ఆశ పెట్టుకునే కౌలుదారు, తనది కాని గట్టు మీద నిలబడి "నా భాగము నీవే" అంటున్నాడంటే, అది అలంకారం కోసం అన్న మాట కాదు, అర్థం తెలియక అన్నదీ కాదు. దాన్ని "నా ఆరోగ్యము నీవే" అని దిద్దితే కీర్తనకారుడు ఒప్పుకోడు, మీ మామగారూ ఒప్పుకోరు.

నిత్యజీవితంతో ఈ మాటకు ముడి మరింత గట్టిగా పడింది కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో. అక్కడ పౌలు దాసులను ఉద్దేశించి, ఏమి చేసినా ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయండి, "ప్రభువువలన స్వాస్థ్యమును ప్రతిఫలముగా" పొందుతారు అంటాడు. రోమను చట్టంలో దాసుడికి సొంత ఆస్తి లేదు, వారసత్వమూ లేదు. తానే మరొకరి ఆస్తి. అటువంటివాడికి కూలి అనో జీతమనో చెప్పకుండా కొడుకుకు చెందవలసిన స్వాస్థ్యం అని చెప్పడంలోనే ఆ వాక్యం బలమంతా ఉంది. నాట్లు వేయడం, దింపు తీయడం, అంట్లు తోమడం, అన్నీ అందులోకి వస్తాయి. ఇక్కడ "బహుమానము" అని మార్చి చదివే బోధకులున్నారు. బహుమానం పోటీలో గెలిచినవాడిది, స్వాస్థ్యం ఇంటి బిడ్డది. ఆ మార్పు నాకు సమ్మతం కాదు.

చివరిగా "ఆధ్యాత్మిక వారసత్వం" సంగతి. వారసుడు అరబ్బీ మూలం నుంచి మనకు వచ్చి స్థిరపడిన మాట. "దేవుని వారసులము, క్రీస్తుతోడి వారసులము" అని రోమా పత్రికలో ఉండనే ఉంది, కాబట్టి దాన్ని కాదనలేము. చిక్కల్లా మన వాడుకలో వారసత్వం అనగానే పోయినవారి ఆస్తి స్ఫురించడం. స్వాస్థ్యానికి ఆ నియమం లేదు, ఉన్న తండ్రి ఉండగానే అది బిడ్డకు చెందుతుంది. హిందువుల ఆస్తి పంపకాలకు ఆధారమైన మితాక్షర సంప్రదాయంలో పిత్రార్జితం మీద కొడుకుకు పుట్టుకతోనే హక్కు కలుగుతుందని తెలిసిన ప్రాంతంలో ఈ భావం సులభంగానే అందుతుంది. విచిత్రమేమిటంటే మన క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో అటువంటి పుట్టుక హక్కు లేదు. తండ్రి బతికుండగా ఆస్తి ఆయనదే. హెబ్రీ పత్రిక 9వ అధ్యాయంలో మాత్రం "నిత్యమైన స్వాస్థ్యము"ను మరణశాసనంతో ముడిపెట్టి, క్రీస్తు మరణం వల్ల అది అమలులోకి వచ్చిందని చెప్పడం ఉంది. ఎఫెసీ పత్రికలో పరిశుద్ధాత్మను ఈ స్వాస్థ్యానికి "సంచకరువు" అన్నారు. ఈ మాట పిల్లలకు తెలియకపోవచ్చు. బేరం కుదిరినప్పుడు ఇచ్చే బయానా అని చెప్పండి, కోనసీమలో కొబ్బరి తోట కాపు బేరమాడే ఇంటి పిల్లలకు వేరే వివరణ అక్కరలేదు.

కనుక రెండు మాటలనూ ఉంచుకుని, పనులు వేరుచేయండి. పెద్దల నుంచి వచ్చిన విశ్వాసం, ప్రార్థనల అలవాటు, పాటలు, వీటికి ఆధ్యాత్మిక వారసత్వం అనే మాట చక్కగా సరిపోతుంది. తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉండినదని పౌలు గుర్తుచేసినచోట స్వాస్థ్యం అనే మాట రాలేదన్నది గమనించదగినది. దేవుడు తన పిల్లలకు ఇచ్చే భాగాన్ని చెప్పేటప్పుడు స్వాస్థ్యం అనే అనండి. తెలుగు బైబిలు ముద్రణలో థకారమే ఉన్నది గనుక పిల్లల చేత స్వాస్థ్యము అనే రాయించండి, పక్కనే "పాలు, భాగం" అని అర్థం ఇవ్వండి.