ముహూర్తం పెట్టుకుని వచ్చి పిల్ల ఇష్టం అడిగితే

గత సంచికలో పెద్ద టెలిస్కోపుల గురించి, వాటికి స్థలమిచ్చిన మూలవాసుల గురించి మేము రాసిన పేజీకి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నేను ఖగోళ భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ముప్పై మీటర్ల టెలిస్కోపు, అంటే అంత వెడల్పు అద్దంతో కట్టదలచిన టెలిస్కోపు ప్రాజెక్టులో మన దేశం భాగస్వామి. హవాయిలో ఒక కొండ పవిత్రమైనదంటూ అక్కడివాళ్లు అడ్డుకోవడంతో ఏళ్ల తరబడి పని ఆగిపోయింది. విశ్వాసం కోసం విజ్ఞానాన్ని ఆపడం న్యాయమేనా? ఇక్కడ అద్దాలు నునుపు చేసి ఇచ్చే మనకు అక్కడి తగాదాతో ఏమి సంబంధం?
- పరిశోధక విద్యార్థిని, తార్నాక

జవాబు: మీరు అడిగిన రెండింటిలో రెండోది తేలిక కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. ఈ ప్రాజెక్టులో చేరడానికి 2014 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మరుసటి నెలలోనే మౌనా కియా కొండ మీద జరగవలసిన శంకుస్థాపన నిరసనల మధ్య ఆగిపోయింది. డబ్బూ అద్దాలూ ఇస్తున్న భాగస్వామికి ఆ స్థలం ఎలా చేతికి వచ్చిందో అడిగే హక్కు ఉంటుంది, అడగవలసిన బాధ్యత కూడా ఉంటుంది. లింకు డాక్యుమెంట్లు చూడకుండా ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చేవారు మన హైదరాబాదులో ఎంతమంది ఉంటారు చెప్పండి.

ఇక మొదటి ప్రశ్న. మౌనా కియా 4,205 మీటర్ల ఎత్తున్న కొండ. శిఖరానికి కాస్త దిగువన వైయావు అనే చిన్న సరస్సు ఉంది. పుట్టిన బిడ్డ బొడ్డుతాడును తీసుకువెళ్లి ఆ నీళ్లలో విడవడం హవాయి మూలవాసుల కుటుంబాల్లో తరతరాలుగా ఉన్న ఆచారం. 1893లో వాళ్ల రాజ్యాన్ని కూలదోశాక రాజ్యానికి చెందిన భూములు చేతులు మారాయి. వాటిలో భాగమైన ఈ శిఖర ప్రాంతాన్ని 1968లో అక్కడి విశ్వవిద్యాలయానికి నామమాత్రపు షరతులతో 65 ఏళ్ల కౌలుకు ఇచ్చారు. ఒకదాని తరువాత ఒకటిగా పదమూడు టెలిస్కోపులు వెలిశాయి. కొండ సంరక్షణను విశ్వవిద్యాలయం నిర్లక్ష్యం చేసిందని 1998లో ఆ రాష్ట్ర ఆడిటరే తప్పుపట్టారు. ముప్పై మీటర్ల టెలిస్కోపు వచ్చి నిలబడింది ఇంత పాత బాకీ పేరుకుపోయిన గడపలో. అప్పటికి ముప్పై ఏళ్లుగా విననివాళ్లు ఇప్పుడు వింటామంటే ఎవరు నమ్ముతారు?

కోర్టు ఏమన్నదో చూస్తే మీ సందేహం మరికొంత తీరుతుంది. అభ్యంతరాలపై విచారణ జరపకముందే 2011లో అనుమతి ఇచ్చేశారన్న కారణంతో హవాయి సుప్రీంకోర్టు 2015 డిసెంబరులో ఆ అనుమతిని రద్దు చేసింది. అంటే న్యాయమూర్తులు విశ్వాసం వైపో విజ్ఞానం వైపో తీర్పు చెప్పలేదు; పని జరిగిన వరసను తప్పుపట్టారు. ముహూర్తం పెట్టుకుని, పందిరి వేసుకుని, ఆ తరువాత పిల్ల ఇష్టం అడగడానికి వెళ్లినట్టయింది. విచారణ జరిపి ఇచ్చిన రెండో అనుమతిని 2018లో అదే కోర్టు సమర్థించింది, కానీ 2019 జులైలో యంత్రాలు బయలుదేరేసరికి కొండ దారికి అడ్డంగా పెద్దవాళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఒక్క రోజున 38 మందిని అరెస్టు చేయవలసి వచ్చింది, వాళ్లలో ఎక్కువమంది వృద్ధులు. కోర్టులో గెలిచిన ప్రాజెక్టుకు కొండ దారి మాత్రం తెరుచుకోలేదు. 2022లో కొండ నిర్వహణకు ఒక కొత్త ప్రాధికార సంస్థను చట్టం ద్వారా ఏర్పరచి, అందులో మూలవాసుల సంప్రదాయాలు పాటించేవారికి కూడా ఓటున్న స్థానాలు ఇచ్చారు. యాభై ఏళ్ల కిందట చేయవలసిన పని అది. 2025లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఈ టెలిస్కోపును తుది డిజైన్ దశకు తీసుకువెళ్లబోమని చెప్పింది; దీనితో పాటు ఇంకో భారీ టెలిస్కోపు ఖర్చు కూడా ఒకేసారి మోయడం కష్టమన్న లెక్క కూడా అందులో ఉంది కాబట్టి నెపమంతా నిరసనకారుల మీద వేయడం సరికాదు.

ఇలాంటి తగాదాలు మళ్లీ మళ్లీ కొండల మీదా ఎడారుల్లోనే ఎందుకు వస్తాయో మన నగరం చరిత్ర చూసినా అర్థమవుతుంది. 1901లో ఫిసల్‌బండలో మొదలైన నిజామియా వేధశాల బేగంపేటకు మారింది. 48 అంగుళాల టెలిస్కోపు కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంకా దూరంగా జపాల్-రంగాపూర్ వెళ్లింది. నగరం వెలుగు అక్కడికీ చేరుకుంది. ఖగోళ శాస్త్రానికి కావలసినవి ఎత్తు, చీకటి, నిశ్శబ్దం, జనసంచారం లేకపోవడం. పట్నాలు మింగకుండా మిగిలిన అలాంటి నేల చాలాచోట్ల మూలవాసులదే. శాస్త్రవేత్త పటంలో ఖాళీగా కనిపించే చోట ఎవరి తాతల సమాధులో, ఎవరి నీటి గుంటలో ఉంటాయి.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని మర్చిసన్ కథ ఇందుకు వేరుగా నడిచింది. అక్కడ నిర్మిస్తున్న స్క్వేర్ కిలోమీటర్ అరే రేడియో టెలిస్కోపులో మన దేశం కూడా సభ్యురాలే. మనిషి కంటే కొంచెం ఎత్తుగా, లోహపు క్రిస్మస్ చెట్లలా ఉండే 1,31,072 యాంటెన్నాలను 512 గుంపులుగా నేల మీద నాటాలి. ఆ నేల వజారీ యమాజీ ప్రజలది. ముందు వచ్చిన చిన్న టెలిస్కోపు కోసం 2009లో వాళ్లతో భూవినియోగ ఒప్పందం కుదిరింది. ఈ పెద్దదాని కోసం మళ్లీ ఏళ్ల తరబడి మాట్లాడి 2022 నవంబరులో రెండో ఒప్పందం చేసుకున్నారు, నిర్మాణం డిసెంబరులో మొదలైంది. నెలల వరస గమనించండి. నేలలో గూటం దిగే ముందు వజారీ పెద్దలు, సర్వేవాళ్లు కలిసి ఆ చోటంతా కాలినడకన తిరుగుతారు; రాతి పనిముట్ల ముక్కలో, పాత మకాముల ఆనవాళ్లో కనిపించి వాళ్లు వద్దన్న చోట యాంటెన్నాల గుంపు పక్కకు జరుగుతుంది. ఇంజనీర్లకు ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే గుంపు జరిగితే తీగల దారీ లెక్కలూ మారిపోతాయి. భాగస్వామ్యం అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే: వాళ్లు కాదంటే పటంలో గీత కదలాలి.

అయితే ఒకసారి సంతకమైతే చాలనుకోవడమూ పొరపాటే. అరిజోనాలోని కిట్ పీక్ కొండ కోసం 1950లలో టోహోనో ఓధామ్ పెద్దలను టూసన్ పట్నానికి పిలిచి, టెలిస్కోపులోంచి చంద్రుణ్ణి చూపించారు. ‘పొడవు కళ్లవాళ్లు’ అని ఖగోళ శాస్త్రవేత్తలకు పేరు పెట్టి, 1958లో ఆ తెగవాళ్లు కౌలు ఒప్పందానికి ఒప్పుకున్నారు. అంత మర్యాదగా మొదలైన ఆ బంధంలోనే, తమతో సరిగా సంప్రదించకుండా అదే కొండ మీద ఇంకో టెలిస్కోపుల సముదాయానికి పని మొదలుపెట్టారని 2005లో ఆ తెగ కోర్టుకు వెళ్లింది; చివరకు ఆ సముదాయం వేరే కొండకు తరలిపోయింది.

ప్రశ్న: మీరు చెప్పినట్టు అందరినీ అడుగుతూ కూర్చుంటే మనకు శ్రీహరికోట వచ్చేదా?
- విశ్రాంత ఇంజనీరు, సైనిక్‌పురి

జవాబు: అక్కడే వచ్చేదో, తీరంలో ఇంకోచోట వచ్చేదో చెప్పలేం, ఎందుకంటే ఎవరూ అడగలేదు. తూర్పున సముద్రం, భూమధ్యరేఖకు సామీప్యం, తక్కువ జనాభా చూసి 1969లో ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు ఎగిరింది. ఆ తక్కువ జనాభాలో యానాదులు ఉన్నారు. అడవి దుంపలు, తేనె, పులికాట్ చేపలు, మందు మొక్కల మీద బతికినవాళ్లు. ఏ ఆకు ఏ విషానికి విరుగుడో తెలిసినవాళ్లు. వాళ్లు పాత మకాములు వదలవలసి వచ్చింది. సమ్మతి అన్న మాట అప్పటి చట్టంలో లేదని మీరు అనవచ్చు, అది నిజమే. కానీ ఈ రోజు పరిస్థితి చూడండి: యానాదులు షెడ్యూల్డు తెగే అయినా వాళ్లు ఉండే ఆ తీరం రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గుర్తించిన గిరిజన ప్రాంతం (షెడ్యూల్డు ప్రాంతం) కాదు, కాబట్టి గిరిజన గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 నాటి పెసా చట్టం అక్కడ ఇప్పటికీ వర్తించదు. 2023 జులై 14న చంద్రయాన్-3 ఎగిరినప్పుడు నేనూ టీవీ ముందు నుంచి కదలలేదు. ఆ మధ్యాహ్నం నేను చూసినంతసేపూ యానాదుల పేరు ఒక్కసారి కూడా వినిపించలేదు.

ప్రశ్న: ఆస్ట్రేలియా టెలిస్కోపు స్థలానికి వజారీ భాషలో పేరు పెట్టారట. ఇది కంటితుడుపు కాదా?
- పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: పేరు ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే కంటితుడుపే. ఇన్యరిమన్హా ఇల్గరీ బుందరా అంటే ఆకాశాన్నీ నక్షత్రాలనూ పంచుకోవడమని అర్థం. ఆ పేరు భూమి ఒప్పందంతో పాటు వచ్చింది కాబట్టి దానికి బరువుంది. 2017లో, సౌరకుటుంబంలోకి బయటి నుంచి వచ్చినట్టు గుర్తించిన తొలి వస్తువుకు హవాయి భాషలో ఔమువామువా అని పేరు పెట్టారు, ఆ భాషా పండితులను అడిగే పెట్టారు, అందంగానూ ఉంది. అదే సమయంలో మౌనా కియా కొండ గొడవ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ప్రశ్న: మాది గోండు గూడెం. రేపు మా గుట్ట మీద ఏదైనా పరిశోధన కేంద్రం కడతామంటే వద్దనే అధికారం మా గ్రామసభకు ఉంటుందా?
- ఉపాధ్యాయుడు, ఉట్నూరు మండలం

జవాబు: మీది షెడ్యూల్డు ప్రాంతం కాబట్టి చట్టం కొంతవరకు మీ వైపు ఉంది, అయితే ఏ చట్టంలో ఏ మాట వాడారో జాగ్రత్తగా చూడాలి. భూసేకరణకు ముందు గ్రామసభను ‘సంప్రదించాలి’ అని మాత్రమే పెసా అంటుంది. సంప్రదించి మీ మాట పక్కన పెట్టే వీలు అందులో ఉంది. 2013 భూసేకరణ చట్టం ఇంకో మెట్టు ఎక్కి, షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభ ‘ముందస్తు సమ్మతి’ కావాలంది. గుట్ట అటవీ భూమి అయితే 2006 అటవీ హక్కుల చట్టం చూడాలి: మీ హక్కుల గుర్తింపు, విచారణ పూర్తయ్యేవరకు మిమ్మల్ని ఖాళీ చేయించకూడదు. ఈ చట్టాన్ని ఆధారం చేసుకునే 2013లో ఒడిశాలోని నియమగిరి మీద బాక్సైట్ తవ్వకం సంగతి తేల్చమని సుప్రీంకోర్టు గ్రామసభలకే అప్పగించింది. జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుల ముందు జరిగిన పన్నెండు సభలూ వద్దన్నాయి, తవ్వకం ఆగింది. కానీ 2022లో మారిన అటవీ నియమాల ప్రకారం కేంద్రం భూమికి ముందు అనుమతి ఇచ్చి, హక్కుల చట్టం అమలైందో లేదో చూసుకునే పనిని తరువాత రాష్ట్రాలకు వదిలేయవచ్చు. మళ్లీ ముహూర్తం తరువాతే ఇష్టం అడగడమన్నమాట.

అటవీ హక్కుల చట్టం కింద జరిగే గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఈ లెక్క ఎలా తప్పుతుందో ఒకసారి దగ్గరగా చూశాను. కొన్నేళ్ల కిందట మీ వైపే ఒక సభకు వెళ్లాను. వేపచెట్టు కింద టార్పాలిన్ పరిచారు. అధికారులు రాకముందే ఒక పొడవాటి రిజిస్టరూ సిరా డబ్బీ వరసలోంచి చేతులు మారుతున్నాయి. వేలు సిరాలో పెట్టబోయిన ఒక పెద్దామె ఆగి, “ముందు ఇందులో ఏముందో గోండిలో చదవండి సారూ, తరువాత ముద్ర వేస్తా” అంది. చదువుదామంటే రిజిస్టరు తెచ్చినవాళ్లలో ఎవరికీ గోండి రాదు. సభ వాయిదా పడింది, కానీ అప్పటికే రిజిస్టరులో రెండు పేజీలు ముద్రలతో నిండాయి.

అందుకని మీరు చేయవలసిన పని ఒకటి చెబుతాను. ఎజెండా కాగితం గోండిలో చదివాకే హాజరు పట్టిక తెరవాలని మీ తొలి తీర్మానంగా రాయించండి. తీర్మానాల పుస్తకంలోని ప్రతి పేజీకీ ఆ రోజే ఫోనులో ఫొటో తీసి, తేదీ కనిపించేలా ఒక నకలు మీ బడిలో, ఒకటి గూడెం పటేలు ఇంట్లో ఉంచండి.